గడ్డం కొంచెం పైకి

ముప్ఫై ఏళ్ళుగా నేను చెప్పే మాట ఒక్కటే:
గడ్డం కొంచెం పైకి.
బైరాగిపట్టెడలో మా స్టూడియో స్టూలు మీద
ఎన్ని గడ్డాలు లేచాయో,
పాస్‌పోర్టుకి, హాల్ టికెట్‌కి, పెళ్ళిచూపులకి,
దండ వేయబోయే ఫోటోకి.

యాభై ఎనిమిదో ఏట
నా గడ్డం నా మాట వినడం మానేసింది.

కొత్త కెమెరాకని దాచిన డబ్బు పట్టుకుని
మద్రాసు పోయాను.
చెవి ముందు నుంచి కిందికి, తమ్మె చుట్టి వెనక్కి,
అక్కణ్ణుంచి జుట్టులోకి,
కత్తి నడిచే దారి డాక్టరు ఊదారంగు పెన్నుతో గీశాడు.
చక్కిలిగింత పుట్టి నవ్వాను.
ఆ చెంపకి అదే ఆఖరి చక్కిలిగింత.

తలచుట్టూ కట్టుతో ఆటో దిగితే
ఎదురింటి దొరసానమ్మ:
"ఏందిమే, దవడ ఇరిగిందా? పుత్తూరు కట్టా?"
"అవునక్కా, బాత్రూములో జారినా."
పుత్తూరు కట్టుకి నూనె వాసన ఉంటుంది.
ఆమె ముక్కు గాలిలో ఒకసారి వెతికి ఊరుకుంది.
నమిలే పని లేకుండా
పది రోజులు రాగిజావ పంపింది.

మూడు దిండ్లు పెట్టుకుని కూర్చున్నట్టే నిద్ర.
కమిలిన రంగు నల్లనై, పచ్చనై,
మెడ దిగి రొమ్ము మీదికి జారింది.
చెవి వెనక దువ్వితే
దువ్వెన ఎవరి తలలోనో నడుస్తోంది.

ప్రతి శుక్రవారం షట్టరు దించి
తెల్లగుడ్డ ముందు నన్ను నేనే తీసుకున్నాను.
పది శుక్రవారాలు, పది ఫోటోలు, లైటుబల్ల మీద వరసగా.
ఆరోదానిలో వాపు తీసింది.
ఏడోదానిలో కనబడింది:
ఎడమ తమ్మె కిందికి సాగి చెంపకి అతుక్కుంది,
కమ్మ బరువుకి కాదు, కుట్టు బరువుకి.
మెడలో తాడు ఒకటి తిరిగొచ్చింది.
ఒక్కటే. ఎడమవైపే.

కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని.
మౌసుతో తమ్మెని పైకి తోశాను, తాడు చెరిపాను,
సేవ్ చేయకుండా మూసేశాను.

"ఏడాది ఆగండమ్మా, లోపల ఇంకా సర్దుకుంటోంది.
అప్పుడు చూసి చిన్న సవరణ చేద్దాం."
"ఛార్జి?"
"థియేటరుకి, మత్తుకి మాత్రమే."
మా బోర్డు మీద రాసుంటుంది:
ఫోటో నచ్చనిచో ఉచితముగా మరల తీయబడును.

బాగాలేదంటే, ఈ వయసులో నీకెందుకే అంటారు.
బాగుందంటే నేనే నమ్మను.
అందుకని ఎవరికీ ఏమీ అనలేదు.

జాతర వచ్చింది.
మా లైట్లు పట్టే చెంగల్రాయుడు
చీర కట్టి, సవరం పెట్టి, పౌడరు కింద నీలిగడ్డంతో
స్టూలెక్కి కూర్చున్నాడు.
"అక్కా, గడ్డం పైకెత్తేదా?"
ఊరంతా వారంపాటు వేసుకున్న మొగాలు
కడిగితే పోతాయి.

ఆఖరి తెల్లారుజాము, తాతయ్యగుంట.
రాత్రంతా చేసిన గంగమ్మ మట్టి మొగం,
కళ్ళారా చూసేలోపే చెంప నరికారు.
తడిమట్టికి వేల చేతులు.
కుడీ ఎడమా సరిపోయాయా అని ఒక్కరూ అడగలేదు.
నా చేతిలో వేలెడంత పడింది,
చెంపో, దవడో.

తోపులాటలో కొంగు జారింది.
పక్కనే ఉన్న దొరసానమ్మ నా చెవి వెనక చూసింది.
కొంచెంసేపు చూసింది.
తన మట్టిలోంచి చిటికెడు తీసి
కుట్ల దారెంట పూస్తూ,
"ఇది పుత్తూరోళ్ళ పని కాదులే," అంది.

చల్లగా తగిలింది.
పది వారాల్లో అక్కడ మొదటిసారి.
లేదా, తగిలిందనుకున్నానో.

ఎల్లుండి శుక్రవారం.
పదకొండో ఫోటోకి
ఈ మట్టి కడగాలో వద్దో తేలడం లేదు.